అప్‌డేట్: క్విల్ట్ ముక్కలకు కటింగ్ మెషీన్ తీసుకున్నాను

క్విల్టింగ్‌కి (గుడ్డ ముక్కలు కలిపి బొంత కుట్టడానికి) కటింగ్ మెషీన్లలో క్రికట్ మేకర్ 3 మంచిదా, బ్రదర్ స్కాన్‌ఎన్‌కట్ మంచిదా అని ఇంతకుముందు మిమ్మల్ని అడిగాను కదా. మేకర్ 3 తీసుకున్నాను, రోటరీ బ్లేడు (చక్రంలా దొర్లుతూ కోసే బ్లేడు) కోసమే. వెనక ఏమీ అతికించకపోయినా కాటన్ గుడ్డ ఎక్కడా లాగకుండా శుభ్రంగా తెగుతోంది. ఆ అంచులు చూస్తే ఎంత సంతోషమో!

గులాబీ మ్యాట్ (కోసేటప్పుడు గుడ్డ కదలకుండా పట్టుకునే జిగురు షీటు) మీద గుడ్డను చేత్తో కాకుండా రోలర్‌తో అద్దమన్న మీ సలహా చాలా పనికొచ్చింది. చేతి జిడ్డు అంటితే మ్యాట్ పట్టు తగ్గిపోతుంది.

ముప్పావు అంగుళం కన్నా చిన్న ఆకారాలకు మాత్రం రోటరీ బ్లేడు సరిపోదు. అందుకే చిన్న ఆప్లిక్ పువ్వులకు (గుడ్డ మీద అతికించి కుట్టే పువ్వులకు) వెనక ఫ్యూజిబుల్ (వేడికి అతుక్కునే పొర) ఇస్త్రీ చేసి, అలా పొర అతికించిన గుడ్డల కోసం ఉండే బాండెడ్ ఫ్యాబ్రిక్ బ్లేడు వాడుతున్నాను. పొడవాటి బోర్డర్ పట్టీలు ఇంకా చేతి కట్టర్‌తోనే కోస్తున్నాను, పెద్ద మ్యాట్ కూడా 12 బై 24 అంగుళాలే మరి.