అప్‌డేట్: జీటీఏ 6 ట్రైలర్ పాట గురించి

గ్రాండ్ థెఫ్ట్ ఆటో 6 (జీటీఏ 6) అనే వీడియో గేమ్ మొదటి ట్రైలర్‌కు అమెరికన్ గాయకుడు టామ్ పెటీ 1989 నాటి పాట ‘లవ్ ఈజ్ ఎ లాంగ్ రోడ్’ (ప్రేమ ఒక దూరపు దారి) ఎందుకు పెట్టారు, అది కథకు సూచనా అని అడిగాను. ఊరికే హుషారు కోసమేనని ఎక్కువమంది అన్నారు. ఒక్కరు మాత్రం ‘పాటను ఒక్కదాన్నే కాదు, దృశ్యాలను చూస్తూ పాటను వినండి’ అన్నారు. వారికి ఎంతో రుణపడి ఉన్నాను.

అలాగే చేశాను. ట్రైలర్ ఆరంభంలో గేమ్ నాయిక లూసియా జైలు దుస్తుల్లో ఉంటుంది. చివర్లో నాయకుడు జేసన్‌తో కలిసి ముఖానికి గుడ్డ కట్టుకుని, తుపాకీతో దుకాణం తలుపు తోసుకుని లోపలికి వెళుతుంది. అంతకు ముందే ఇద్దరి మధ్య నమ్మకం గురించి మాట. అంటే ఆ దూరపు దారి ప్రేమది మాత్రమే కాదు, జైలు గేటు దగ్గర మొదలైనది.

2025 మే నెలలో వచ్చిన రెండో ట్రైలర్‌లో అమెరికన్ గాయనీ బృందం పాయింటర్ సిస్టర్స్ 1986 పాట ‘హాట్ టుగెదర్’ విన్నాక నా అనుమానం తీరింది. మొదటి పాట దారి చెప్పింది, రెండోది తోడు చెప్పింది. జైలు బయట జేసన్ ఆమె కోసం ఎదురుచూసే దృశ్యం ఆ రెండో ట్రైలర్‌లోనే ఉంది! ముగింపు విషాదమా కాదా అన్నది మాత్రం ఈ పాటల్లో నాకు వినిపించలేదు.