మోజార్ట్ క్లారినెట్ కాన్సర్టో: రెండు పుస్తకాల్లో రెండు రకాలుగా ఉంది, ఏది వాయించాలి?

రీడు_కష్టాలు:
జర్మనీలో ఎంఎస్ చేస్తున్నాను. వచ్చే నెల యూనివర్సిటీ ఆర్కెస్ట్రా ఆడిషన్‌కి ఈ కాన్సర్టో (కేటలాగ్ నంబరు కె. 622) మొదటి భాగం వాయించాలి. నా దగ్గర సీనియర్ ఇచ్చిన పాత పుస్తకం జిరాక్స్ ఒకటి, ఈమధ్య కొన్న ఊర్‌టెక్స్ట్ (స్వరకర్త రాసినదానికి వీలైనంత దగ్గరగా అచ్చువేసింది) ఒకటి ఉన్నాయి, రెండూ పక్కపక్కన పెడితే బుర్ర తిరిగిపోయింది. పాతదాంట్లో స్లర్ (స్వరాల్ని కలిపి వాయించమనే వంపు గీత) ఉన్నచోట కొత్తదాంట్లో ఏమీ లేదు, లేదంటే చుక్కల గీత ఉంది. ఒకచోట కిందికి దిగుతున్న ఆర్పెజియో (ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే కార్డ్ స్వరాలు) పాతదాంట్లో మధ్యలో పైకి గెంతుతుంది, కొత్తదాంట్లో అక్కడే చిన్న సైజులో ఇంకో వరుస వేసి నా క్లారినెట్‌లో అసలు లేని స్వరాలు ఇచ్చారు. ఇంతకీ మోజార్ట్ రాసింది ఏది? ఒకటే టెన్షన్.

బాసెట్_బాబాయ్:
మోజార్ట్ చేత్తో రాసిన ప్రతి పోయిందండీ, గొడవంతా అక్కడే మొదలు. చనిపోయిన ఏడాదే, 1791లో, ఆంటోన్ స్టాడ్లర్ కోసం రాశాడు. స్టాడ్లర్ వాయిద్యం మామూలు క్లారినెట్ కంటే నాలుగు సెమిటోన్లు (అర స్వరాలు) కిందికి దిగేది, ఇప్పుడు దాన్ని బాసెట్ క్లారినెట్ అంటున్నాం. మనది రాతలో ఇ దగ్గర ఆగిపోతే అది సి దాకా పోతుంది, ఈ క్లారినెట్‌లో కాగితం మీద ఉన్నదానికంటే కింది స్వరం వినబడుతుంది కాబట్టి ఆ సి చెవికి ఎ, కాన్సర్టో ఉన్నదే ఎ మేజర్‌లో కదా! 1801 ప్రాంతంలో అచ్చువేసినవాళ్లు అలాంటి వాయిద్యం కొనేవాళ్ల దగ్గర ఉండదని ఆ అడుగు స్వరాలు పైకి మార్చేశారు. మీ గెంతు అదే. 1802లో లైప్‌జిగ్ సంగీత పత్రికలో ఒక సమీక్షకుడు అసలు ఎలా ఉండేదో కొన్నిచోట్ల స్వరాలతో సహా చూపించాడు. అది కాక వింటర్‌టూర్‌లో మోజార్ట్ చేతిరాతలోనే 199 బార్ల (తాళం గడుల) చిత్తు ఉంది, మొదట బాసెట్ హార్న్ (క్లారినెట్ జాతిదే ఇంకో వాయిద్యం) కోసం మొదలుపెట్టింది. ఆ చిన్న వరుస ఊహే, కానీ గాలిలోంచి పుట్టింది కాదు. మీరు మాత్రం పెద్ద వరుసే వాయించండి, లేని మీటలు నొక్కలేరు కదా.

పెన్సిల్_పట్టు:
స్వరాలకి ఈ జవాబు చాలు, స్లర్లే అసలు తలనొప్పి. చుక్కల గీత అంటే ఎడిటర్ చేర్చింది అని, ముందుమాటలో రాసే ఉంటుంది, మనమెవరం చదవం. పాత పుస్తకాల్లో స్లర్లు చాలావరకు ఎవరో మాస్టారు తన విద్యార్థులకి పెట్టుకున్నవి, వాయించడానికి హాయిగానే ఉంటాయి. నేనైతే అదే మెలొడీ ఇంకోచోట తిరిగొచ్చినప్పుడు, వయొలిన్లకి వచ్చినప్పుడు ఎలా ఉందో చూసి తేల్చుకుంటాను. స్వరాల్ని మాత్రం ఇలా సరిచేయకండి, రెండోసారి కావాలనే మార్చి ఉండొచ్చు. అక్కడ ఫుల్ స్కోర్ (అన్ని వాయిద్యాల వరుసలూ ఉన్న పుస్తకం) తీసి కింద హార్మనీ చూడాలి. మోజార్ట్ రచనలన్నీ పరిష్కరించి వేసిన కొత్త సంపుటాలు (నోయె మోజార్ట్ ఔస్‌గాబె) నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, ఎడిటర్ల వివరణలతో సహా, మీకు జర్మన్ ఎలాగూ వచ్చు.

వీణ_టు_వుడ్‌విండ్:
త్యాగరాజ కృతులకి పాఠాంతరాలు లేవా? ఎవరి పాఠం వాళ్లది. ఇంత రాద్ధాంతం ఎందుకో!

బాసెట్_బాబాయ్:
అక్కడ పాఠాంతరం గురువు నోట వచ్చింది, ఇక్కడ అచ్చాఫీసులో పుట్టింది, రెండూ ఒకటి కాదండీ. మీ మాటకి దగ్గరగా వచ్చేది వెబర్ ఎఫ్ మైనర్ కాన్సర్టో. 1811లో హైన్రిష్ బేర్మన్ కోసం రాశాడు, ఆయన కొడుకు కార్ల్ తర్వాత అచ్చువేసిన దాంట్లో వెబర్ రాయని బార్లు కొన్ని ఉన్నాయి, తండ్రి వాయించినవి. ఊర్‌టెక్స్ట్ ముందు పెట్టుకుని కూడా చాలామంది అవి వాయిస్తారు, నేనూ వాయిస్తాను.

రీడు_కష్టాలు:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి కూర్చుని బారు బారు పోల్చాను. ఒక సిగ్గుపడే విషయం, నా జిరాక్స్‌లో స్లర్లు కొన్ని అచ్చువి కానే కావు, మా సీనియర్ పెన్సిల్‌తో గీసుకున్నవి, కాపీలో నల్లగా అచ్చులాగే పడ్డాయి. రెండేళ్లుగా అవే మోజార్ట్ అనుకుని సాధన చేస్తున్నాను.