మధ్యవర్తి చరం పరీక్షకు 1986 నాటి మెట్లు ఇంకా అవసరమా?

పాడి పరిశోధకురాలు, తిరుపతి:
చిత్తూరు జిల్లా పొదుపు సంఘాల మహిళల్లో శిక్షణ ఆత్మవిశ్వాసాన్ని పెంచి, దాని ద్వారా పొదుపును పెంచుతోందా అని పరిశీలిస్తున్నాను; అంటే ఆత్మవిశ్వాసమే ఇక్కడ మధ్యవర్తి చరం. శిక్షణకూ పొదుపుకూ మధ్య మొత్తం ప్రభావం గణాంకపరంగా సార్థకంగా లేదు కాబట్టి, బారన్, కెన్నీలు 1986లో చెప్పిన మెట్లలో మొదటిదాని (ముందు మొత్తం ప్రభావం కనబడాలి) దగ్గరే ఆగిపొమ్మని మా గైడ్‌గారు అంటున్నారు. ఏ పరీక్ష వాడాలి? ఎంతమంది కావాలి?

గణాంక మాస్టారు, చిత్తూరు:
రెండు దశాబ్దాలుగా ఈ పాఠమే చెబుతున్నాను, ఆగనక్కర్లేదమ్మా. శిక్షణ ఒకవైపు ఆత్మవిశ్వాసం ద్వారా పొదుపును పెంచుతూ, మరోవైపు అప్పు చేసి గేదెను కొనే ధైర్యమిచ్చి పొదుపును తగ్గిస్తే, రెండూ చెల్లుకు చెల్లై మొత్తం ప్రభావం సున్నాకు చేరుతుంది. ఆ షరతు అక్కర్లేదని జావ్, లించ్, చెన్ 2010లోనే వాదించారు.

పద్మావతీపురం:
నా వైవాలో సోబెల్ పరీక్ష (మధ్యవర్తి ద్వారా వచ్చే పరోక్ష ప్రభావం సార్థకమో కాదో చూసే సూత్రం) తప్ప మరొకటి ఒప్పుకోలేదు. ఆ ప్రభావమంటే మధ్యవర్తికి చేరే దారి, అక్కడి నుంచి ఫలితానికి చేరే దారి, ఈ రెండు గుణకాల లబ్ధం; అది చిన్న నమూనాల్లో ఒక పక్కకు ఒరిగి ఉంటుంది; 1982 నాటి ఆ సూత్రం దాన్ని సామాన్య విభాజనంగా భావించడం వల్ల ఉన్న ప్రభావం కూడా చేజారుతుంది. అదే డేటాకు బూట్‌స్ట్రాప్ (ఉన్న నమూనా నుంచే మళ్లీ మళ్లీ నమూనాలు తీసి లెక్కించడం) చేస్తే 95 శాతం విశ్వాస్యతా అంతరంలో సున్నా లేదు, అంటే ప్రభావం సార్థకమే. ఆ బాధ ఇంకా తీరలేదు.

పట్టు రైతుబిడ్డ, పలమనేరు:
ఈ బూట్‌స్ట్రాప్ లెక్క చేసే ప్రాసెస్ మాక్రో అనే ప్రోగ్రామ్‌లో 5000 సార్లు నమూనా తీయిస్తే 60 మంది చాలు.

గణాంక మాస్టారు:
ఈ మాట నేను ఒప్పుకోను. ఆ 60 మందినే మళ్లీ మళ్లీ ఎంచుతారు తప్ప కొత్త మనిషి ఒక్కరూ చేరరు. రెండు దారులూ బలహీనమైతే బూట్‌స్ట్రాప్‌కు కూడా 450కి పైగా కావాలని ఫ్రిట్జ్, మెకిన్నన్ 2007లో లెక్కగట్టారు.

పట్టు రైతుబిడ్డ:
మాస్టారూ, తరగతి గదిలో 450 అనడం తేలిక. రేషం షెడ్లో ఆకు వేసే వేళ ఒక్కరిని కూర్చోబెట్టి ప్రశ్నపత్రం పూర్తి చేయించి చూడండి. మధ్యస్థ ప్రభావాలకు వందలోపే సరిపోతుందని అదే వ్యాసంలో ఉంది, దాన్నెందుకు దాటవేశారు?

గణాంక మాస్టారు:
ప్రభావం మధ్యస్థమని ముందే మీకెవరు చెప్పారు?

చంద్రగిరి:
మీ తగవులో అసలు సంగతి పక్కకు పోతోంది. ఆత్మవిశ్వాసాన్నీ పొదుపునూ ఒకే రోజు అడిగితే, పొదుపు పెరిగినందువల్లే ధైర్యం వచ్చిందేమో ఏ పరీక్షా తేల్చదు. ఒక్కసారి తీసిన సర్వేతో పరోక్ష ప్రభావపు అంచనా ఎంత పక్కదారి పడుతుందో మాక్స్‌వెల్, కోల్ 2007లో చూపించారు. పైగా ముందే చొరవ ఉన్నవారే శిక్షణకు వస్తారు.

పాడి పరిశోధకురాలు:
సంఘం పుస్తకాల్లో నెలవారీ పొదుపు నమోదై ఉంది. దాన్ని తీసుకోవచ్చా?

చంద్రగిరి:
తప్పక తీసుకోండి. శిక్షణకు ముందటి పొదుపును నియంత్రణ చరంగా (దాని ప్రభావాన్ని వేరు చేసేలా) పెట్టి, ఆత్మవిశ్వాసం కొలిచిన తేదీ తర్వాతి నెలలనే ఫలితంగా లెక్కించండి.