సేఫ్టీ స్టాక్ (డిమాండ్ పెరిగినా, సరుకు ఆలస్యమైనా ఆదుకోవడానికి అదనంగా ఉంచేది) ఎంత పెట్టాలో లెక్క తేలట్లేదు, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం అండి. నేను స్పేర్ పార్ట్స్ స్టోర్ చూసుకుంటాను. ఒక ఐటమ్ వారానికి సగటున 40 పోతుంది, స్టాండర్డ్ డీవియేషన్ (సగటు నుంచి ఎంత అటూ ఇటూ అవుతుందో చెప్పే కొలత) 15, ఆర్డర్ పెడితే రావడానికి, అంటే లీడ్ టైమ్, 4 వారాలు. 95 శాతం సర్వీస్ లెవెల్ (అంటే ఆర్డర్ పెట్టి ఎదురుచూసే 100 సార్లలో 95 సార్లు స్టాక్ అయిపోకూడదు) అనుకుని, దానికి వాడే 1.65 ని 15 తో, మళ్ళీ 4 కి వర్గమూలం అంటే 2 తో గుణిస్తే దాదాపు 50 వచ్చింది, అదే పెట్టాను, అయినా రెండుసార్లు స్టాక్ అయిపోయింది. తీరా చూస్తే సప్లయర్ ఒకసారి 3 వారాలకే ఇస్తాడు ఒకసారి 5 దాటిస్తాడు, ఆ తేడాకి 1 వారం డీవియేషన్ వేసి కలిపితే లెక్క 83 దాకా వెళ్ళింది. అంటే అసలు సమస్య డిమాండ్ కన్నా లీడ్ టైమ్‌దేనా?

ఇంకో రకం ఐటమ్స్ ఉన్నాయి, నిద్ర పట్టనిది వీటితోనే. రెండు నెలలు ఒక్కటీ పోదు, ఉన్నట్టుండి ఒకేసారి 12 అడుగుతారు. పైన వాడిన నార్మల్ డిస్ట్రిబ్యూషన్ ఫార్ములా వీటికి పనికిరాదని అర్థమైంది, 1972 నాటి క్రాస్టన్ పద్ధతి చూశాను, ఎంత అడుగుతారు, ఎన్నాళ్ళకోసారి అడుగుతారు అని విడివిడిగా అంచనా వేస్తుంది కానీ చివరికి ఇచ్చేది సగటే కదా, దాన్నించి సేఫ్టీ స్టాక్ ఎలా తీస్తారు? బూట్‌స్ట్రాప్ (పాత డేటాలోంచే మళ్ళీ మళ్ళీ యాదృచ్ఛికంగా తీసి అంచనా వేసే పద్ధతి) ఎవరైనా నిజంగా వాడారా, నా దగ్గర 2 ఏళ్ళ డేటానే ఉంది, సరిపోతుందా? పార్ట్ లేకపోతే అవతల మెషిన్ ఆగిపోతుంది, అలాగని అన్నీ నింపి పెట్టలేను. చేసినవాళ్ళుంటే మీరు ఏ దారిలో వెళ్ళారో చెప్పండి ప్లీజ్.