అప్‌డేట్: బోట్ షోలో కొత్త యాట్‌లు చూసి వచ్చాను

ఇద్దరమే నడుపుకోవడానికి 35 అడుగుల లోపు సెయిలింగ్ యాట్ కొనాలనుకుంటున్నాం, షోలో ఏం గమనించాలి అని అడిగాను కదా. "కుషన్లు చూడకండి, ఫ్లోర్‌బోర్డు ఎత్తి చూడండి" అన్నవారికి చాలా థ్యాంక్స్. అదే చేశాను.

ఒకదానిలో బోర్డు ఎత్తగానే కీల్ బోల్టులు (పడవ అడుగున ఉండే బరువైన రెక్కను బిగించేవి) ఎదురుగా కనిపించాయి, స్పానర్ పెట్టేంత చోటుంది. ఇంకోదానిలో అవి నీళ్ల ట్యాంకు కింద ఉన్నాయి. ఏదైనా అనుమానం వస్తే ట్యాంకు మొత్తం బయటికి తీయాల్సిందే.

కొత్తవి చాలావరకు వెనుక భాగం బాగా వెడల్పుగా, రెండు స్టీరింగ్ వీల్స్, రెండు రడ్డర్లతో (పడవను తిప్పే చుక్కానులు) వస్తున్నాయి. పడవ ఒరిగినా ఒక రడ్డర్ నీళ్లలోనే ఉంటుంది, అది మంచిదే. కానీ ప్రొపెల్లర్ తోసే నీరు రడ్డర్లకు నేరుగా తగలదు కాబట్టి హార్బర్‌లో నెమ్మదిగా తిప్పడం కష్టం. మాకు అసలు టెన్షన్ అక్కడే.

లోపల హాలు ఇల్లంత విశాలంగా ఉంది. మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపాను, పట్టుకోవడానికి ఏమీ అందలేదు. అలల్లో ఆ వెడల్పు ప్రమాదమే. కాస్త ఇరుకైన పడవలో పైకప్పు పొడవునా చెక్క పట్టీ ఉంది, వేళ్లు చుట్టూ తిరిగి గట్టిగా బిగిశాయి. నా భార్యకూ అదే నచ్చింది.

సెల్ఫ్ ట్యాకింగ్ జిబ్ (పడవ దిశ మార్చినప్పుడు తాళ్లు లాగకుండానే తనంతట తాను అటువైపు మారే ముందు తెరచాప) మాత్రం ఇద్దరికి నిజంగా వరం. గాలి తక్కువైతే ఆ చిన్న తెరచాప చాలదు, ఇంకో పెద్ద తెరచాప కొనుక్కోవాలి.

ఆ ఇరుకు పడవకే ట్రయల్ అడిగాం.