జమీందారా, రాజావారా? ఏది ఎక్కడ వాడాలి?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. పిల్లల కోసం అమరావతి చరిత్ర రాస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడిని పుస్తకాల్లో జమీందారు అంటారు, మా పెద్దవాళ్లు రాజావారనే అంటారు. చల్లపల్లి, నూజివీడు వాళ్లనూ అంతే.

జమీందారు అంటే పర్షియన్‌లో భూమి కలవాడని తెలుసు. రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి సర్కారుకు పేష్కషు (ఏటా చెల్లించాల్సిన కప్పం) కట్టేవాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1802లో శాశ్వత శిస్తు పద్ధతి వచ్చింది, 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. పిలుపు మాత్రం పోలేదు!

మరి ‘రాజా’ అనేది పైవాళ్లు ఇచ్చిన బిరుదా, జనం గౌరవంగా అలవాటు చేసుకున్నదా? 1802కి ముందు సంగతులు రాసేటప్పుడు జమీందారు అనవచ్చా? కైఫీయతులు (ఊళ్ల పాత చరిత్ర రాసిన స్థానిక రికార్డులు) చదివినవాళ్లెవరైనా దయచేసి చెప్పండి. పిల్లలకు తప్పు నేర్పుతానేమోనని టెన్షన్‌గా ఉంది.