కారు డీలర్ వేసే డాక్ ఫీజు: కట్టాలా, లేచి వచ్చేయాలా?

కారు_వేట:
నమస్కారమండీ. ఫ్లోరిడాలో కొత్త కారు బేరం చేస్తున్నాను. వెబ్‌సైట్లో పెట్టిన ధరకి ఒప్పుకుని సంతకాలకి కూర్చుంటే, కాగితంలో 999 డాలర్ల డీలర్ ఫీజు కనిపించింది. అమ్మకం కాగితాలు తయారుచేసినందుకు వేసే డాక్ ఫీజు అంటే ఇదేనట. అడిగితే "ఫారం మీదే అచ్చయి ఉంది, అందరికీ ఒకటే, తీసేయడం కుదరదు" అన్నారు. కాలిఫోర్నియాలో మా బావ ఇదే పనికి 85 డాలర్లు కట్టాడట. ఆలోచించుకుంటానని చెప్పి వచ్చేశాను. ఏం చేయమంటారు?

పిసినారి_పిన్ని:
కట్టకు బాబూ. టైటిల్‌కీ (కారు నీదేనని చెప్పే పత్రం), నంబర్ ప్లేటుకీ ప్రభుత్వం తీసుకునేది వేరే లైన్లో ఉంటుంది. ఈ 999 డీలర్ జేబులోకే. కాగితాలు రాయకుండా కారు ఎలా అమ్ముతాడట? హోటల్లో భోంచేశాక ప్లేట్లు కడిగినందుకు వేరే బిల్లు వేసినట్టుంది.

మాజీ_సేల్స్:
పిన్నిగారూ, మీ కోపం న్యాయమే. కానీ ఆ లైన్ కొట్టేయించడం దాదాపు జరగని పని. ఒకరికి వదిలేసి ఇంకొకరి దగ్గర వసూలు చేస్తే వివక్ష కేసు పడుతుందని డీలర్లకి భయం. పనీ ఉత్తిది కాదు. మీరిచ్చే పాత కారు మీద అప్పు తీర్చాలి, టైటిల్ మార్పించాలి, బ్యాంకుకి కాగితాలు పంపాలి, ఎక్కడైనా తప్పు దొర్లితే మళ్ళీ మొదటికి. దానికి 999 అవుతుందా అంటే, అవదు.

తమ్ముడూ, ఫీజు గురించి గొడవపడకు, కారు ధర తగ్గించమను. పన్నులు, ఫీజులతో సహా కట్టాల్సిన మొత్తం, అంటే అవుట్ ది డోర్ ధర ఎంత? ఈ ఒక్క అంకె మీదే మాట్లాడు.

రూల్స్_రాజు:
ఇద్దరూ అసలు సంగతి వదిలేశారు. ఫ్లోరిడాలో ఈ ఫీజుకి పరిమితి లేదు, నిజమే. కానీ ఆ లైన్ ఉన్న ప్రతి కాగితం మీదా, ఇందులో డీలర్ ఖర్చులతో పాటు లాభం కూడా ఉందని అచ్చువేయాలని అక్కడి చట్టం. ఓసారి వెతికి చదవండి, "ఇది రూలు సార్" అన్నవాళ్ళ గాలి తీసేస్తుంది. అంతకంటే ముఖ్యం, అదే చట్టం ప్రకారం ప్రకటనలో చూపిన ధరలో కొనేవాడు తప్పక కట్టాల్సిన ఫీజులన్నీ కలిసే ఉండాలి. పన్నులు, ట్యాగ్ (నంబర్ ప్లేటు), టైటిల్, రిజిస్ట్రేషన్ మాత్రమే బయట ఉండొచ్చు. వెబ్‌సైట్ ధర స్క్రీన్‌షాట్ తీశారా? బేరంలో మీ బలం అదే.

సంతకం పెట్టాక మూడు రోజుల్లో రద్దు చేసుకోవచ్చు అని ఎవరైనా చెబితే నమ్మకండి. అలా రద్దుకి వీలిచ్చే ఫెడరల్ కూలింగ్ ఆఫ్ రూల్ డీలర్ షోరూమ్‌లో కొన్న కారుకి వర్తించదు. దాచిన ఫీజుల మీద ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ) 2023 డిసెంబర్‌లో ప్రత్యేకంగా ఓ రూల్ తెచ్చింది కానీ, పద్ధతి పాటించలేదని 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది.

పిసినారి_పిన్ని:
అందుకే ప్రతి రాష్ట్రంలో పరిమితి పెట్టాలంటాను. న్యూయార్క్‌లో 175 దాటకూడదు. అక్కడ డీలర్లందరూ దుకాణాలు మూసేశారా?

మాజీ_సేల్స్:
మూయలేదు, ఆ లాభాన్ని కారు ధరలోకి మార్చుకున్నారు. అంతేనండీ తేడా.

పిసినారి_పిన్ని:
మార్చుకోనీ! ధర అయితే ఇంట్లో కూర్చుని పది షోరూమ్‌లతో పోల్చి చూస్తాం. ఫీజు బయటపడేది ఆకలేసి, పిల్లలు విసిగించి, ఎలాగోలా ముగిద్దాం అనుకునే వేళకి. తేడా అక్కడుంది నాయనా. పైగా దాన్ని లోన్‌లో కలిపితే 7 శాతం వడ్డీకి 72 నెలలు నెలకి 17 డాలర్లు, చివరికి 1,226 అవుతుంది. అంకెలు నేను వేసుకునే మాట్లాడుతున్నా.

మాజీ_సేల్స్:
ఈ పాయింటుకి నా దగ్గర జవాబు లేదు 🙂 కానీ పరిమితి పెడితే టైర్లలో నైట్రోజన్ గాలి, అద్దాల మీద నంబర్ చెక్కడం, పెయింట్ కోటింగ్ లాంటివి అంటగడతారు. అవి కచ్చితంగా వద్దనొచ్చు. ముందే వేసేశామన్నా సరే, డబ్బు తీసేయమనండి, లేదా వేయని కారు చూపించమనండి.

కారు_వేట:
అందరికీ థ్యాంక్స్. స్క్రీన్‌షాట్ జత చేసి ఈమెయిల్ పెట్టాను, ఇంకో రెండు షోరూమ్‌లకి అవుట్ ది డోర్ ధర అడుగుతూ రాశాను. మొదటివాళ్ళు 999 అలాగే ఉంచి కారు ధర 700 తగ్గించారు. ఇంకో షోరూమ్‌లో ఫీజు ఎక్కువే గానీ మొత్తం మీద 150 తక్కువ. అక్కడే కొంటున్నాను.

పిసినారి_పిన్ని:
కొనుక్కో, శుభం. కానీ ఆ మొదటి డీలర్ ప్రకటన మీద అటార్నీ జనరల్ ఆఫీసుకి ఫిర్యాదు పెట్టు. స్క్రీన్‌షాట్ ఎలాగూ ఉంది.

మాజీ_సేల్స్:
కారు ఇంటికొచ్చాక ఎవరు పెడతారు పిన్నిగారూ...

రూల్స్_రాజు:
ఆన్‌లైన్ ఫారమే, పెట్టొచ్చు. కావాలంటే ఏం రాయాలో నేను చెబుతాను.